పదకొండిళ్ళ సర్వర్‌లో అత్తకు చోటు లేదు

కోయంబత్తూరులోని మా తెలుగు సంఘం ఒక బ్యాకప్ సర్వర్ కొంటోందని విన్నప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. ఇప్పుడు ఆ పెట్టె పేరెత్తితే ఒళ్ళు మండుతుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా మండుతూనే ఉంది.

నేను ఒక పంపుసెట్ల కంపెనీలో కంప్యూటర్ విభాగం చూస్తాను. ఇరవై ఏళ్ళు దాటింది. నా పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇతరుల ఫైళ్ళు పోకుండా చూడటం. అవి పోయిన రోజున తప్ప నా పేరు ఎవరికీ గుర్తు రాదు. సంఘం వాళ్ళకు ఒకరోజు గుర్తొచ్చింది. జాతకాలు, సభ్యుల పట్టికలు, పాత ఫోటోలు అన్నీ ఒకచోట భద్రంగా పెట్టాలి, వచ్చి చూసుకో అన్నారు. జీతం లేదు, శనివారం శనివారం రావాలి. సరేనన్నాను. నా కారణం నాకుంది. ఆ కారణం పేరు అత్త.

మా వాళ్ళు ఈ ఊళ్ళకు వచ్చి ఎన్ని వందల ఏళ్ళయిందో సరిగా తెలిసినవాళ్ళు లేరు. మాది ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడతాం, చదవమంటే తల వంచుకుంటాం. నేను అక్షరాలు నేర్చుకున్నది ముప్పై దాటాక, హైదరాబాదులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసినప్పుడు, బస్సుల మీది బోర్డులు కూడబలుక్కుంటూ. మా ఇళ్ళలో ఆ పని కూడా చేసినవాళ్ళు తక్కువ. అంటే మా తెలుగు కాగితం మీద లేదు. నోళ్ళలో ఉంది, అదీ ముసలి నోళ్ళలో.

ఈ సంగతి మా అందరికంటే ముందు మా మేనత్తకు తట్టింది. మదురైలో ఉంటుంది. తమిళ బడిలో టీచరుగా చేసి రిటైరైంది. పెళ్ళయిన ఆరేళ్ళకే మామ పోయాడు, పిల్లలు లేరు. రిటైరైన నెలలోనే అరచేతిలో పట్టే రికార్డరు ఒకటి కొనుక్కుని బస్సెక్కింది. ఆండిపట్టి, వాడిపట్టి, ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్టు వెనక వీధులు, మా వాళ్ళ ఇల్లు ఒక్కటున్నా సరే అక్కడికి వెళ్ళింది. ముసలమ్మల ఎదురుగా కూర్చుని పాడించింది, తిట్టించింది, వంటలు చెప్పించింది, చావింట్లో ఏడుస్తూ పాడేవి కూడా బతిమాలి పాడించుకుంది. తొమ్మిదేళ్ళు తిరిగింది. పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

రికార్డరులోని కార్డు నిండగానే దాన్ని ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, కార్డు తుడిచి, మళ్ళీ బస్సెక్కేది. అంటే తొమ్మిదేళ్ళ గొంతులూ ఉన్నది ఒకే ఒక్క డిస్కులో. ఈ మాట ఫోన్లో విని నేను అరిచాను.

“ఒకటే దానా అత్తా? ఇంకో కాపీ లేదా?”

“ఏంటికి అరస్తావు? మీ సంఘం పెట్టె వస్తా ఉండాది గదా. నేనే తెస్తాను, దాంట్లో పెట్టు,” అంది.

అత్తకు నా మీద అంత నమ్మకం. ఆ పెట్టెలో ఆమెకు ఒక చోటు చేయడం, అంతే నేను చేయవలసింది.

సర్వర్‌లో స్థలం పంచడం నాకు రోజూ అన్నం వండినట్టే. ఉన్న డిస్కులన్నీ కలిపి ఒక పెద్ద స్థలంగా చేస్తాం. అందులోంచి ఒక్కొక్కరికి కొంత కోసి పేరు పెడతాం, దాన్ని వాల్యూమ్ అంటాం. ఎవరి దగ్గర ఎంత సరుకుందో ముందు అడిగి, అందరికీ మొదట కొంచెమే ఇస్తాం. మిగిలింది ఎవరి పేరా రాయకుండా ఉంచి, ఎవరిది నిండుతుంటే వాళ్ళకు పెంచుకుంటూ పోతాం. పెంచడం రెండు నిమిషాల పని. ఒకసారి ఇచ్చింది తగ్గించడం మాత్రం పెద్ద తలనొప్పి. నేను వాడే పద్ధతిలో అయితే ఆ వాల్యూమును పూర్తిగా చెరిపి మళ్ళీ కట్టాలి.

ఇదంతా ఒక ఆదివారం పొద్దున సంఘం ఆఫీసులో కమిటీ ముందు చెప్పాను. కమిటీ అంటే పదకొండు ఇంటిపేర్లకు పదకొండు మంది మగవాళ్ళు. పండుగలో ఎవరికి ముందు మర్యాద చేయాలన్నదాని నుంచి కళ్యాణమంటపం బుకింగు దాకా మాకు అన్నీ ఇంటిపేర్ల వరసలోనే నడుస్తాయి. అధ్యక్షుడు నూలు వ్యాపారం చేసి, కొడుకులకు అప్పగించి కూర్చున్న పెద్దాయన. నాకు పెదనాన్న వరస. కార్యదర్శికి ఇత్తడి సామాను కొట్టుంది. ఆయన అధ్యక్షుడికి సొంత మేనమామ కొడుకు. ఇద్దరూ బావా బామ్మర్దులన్న మాట.

నేను చెప్పిందంతా విని పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

“పంచకుండా పెట్టేదా? వేరే వినయే వద్దు అమ్మిణీ. పంచని సొత్తు యాడుంటే ఆడ తగవు దా. ఇప్పుడే పంగు వేసెయ్, ముడించెయ్.”

వినయ్ అంటే తంటా, మాట చివర వచ్చే ‘దా’ ఒత్తి చెప్పడానికి, పంగు అంటే వాటా. ముడించెయ్ అంటే తేల్చి పారెయ్.

“ఇది పొలం కాదు పెదనైనా. ఎవురికి కావల్సి వస్తే వాండ్లకు పెరుగుతాది.”

“అట్లయితే ఒగడు పెండ్లి వీడియోలు పది తెచ్చి పోస్తే మొత్తం వాడిదే దా?” అన్నాడు కార్యదర్శి.

అందరూ అవునవునన్నారు. వాళ్ళ భయం నాకు తెలియనిది కాదు. మా ఇళ్ళలో అన్నదమ్ములు విడిపోయినప్పుడు బావిలో నీళ్ళకు కూడా రోజులు పంచుకున్నారు. ఆ బుర్రలే ఈ పెట్టె ముందు కూర్చున్నాయి. నేను మూడుసార్లు చెప్పాను, బొమ్మ గీసి చూపించాను. ఒక్కరు చెవిన పెట్టలేదు.

పైగా నా మీద అనుమానం ఒకటి. డిస్కుల మీద రాసిన లెక్క ప్రకారం ఇరవై నాలుగు టెరాబైట్లు రావాలి, స్క్రీన్ మీద ఇరవై ఒకటీ చిల్లర కనిపించింది. డిస్కు చేసేవాడు లెక్కపెట్టే తీరు వేరు, కంప్యూటరు లెక్కపెట్టే తీరు వేరు. ఈ రంగంలో ఉన్నవాళ్ళకు ఇది రోజూ చూసే తేడా.

“తక్కినది యాడికి పోయింది?” అన్నాడొకాయన, నా సంచీ వైపు చూస్తూ.

నా సంచీ వైపు! జీతం లేకుండా వచ్చి వాళ్ళ తీగలు బిగిస్తున్నదాన్ని. ఆ రోజే లేచి వెళ్ళిపోవలసింది. అత్త కోసం కూర్చున్నాను.

చివరికి ఇలా తేల్చారు. పది ఇళ్ళకు తలా ఒకటి పాయింటు ఎనిమిది టెరాబైట్లు. పెద్దింటికి, అంటే అధ్యక్షుడి ఇంటికి, రెండు పంగులు. ఆస్తి పంపకంలో పెద్దకొడుక్కి కొంచెం ఎక్కువ రాసే అలవాటు ఉంది కాబట్టి డిస్కులోనూ అంతే. అడుగున మిగిలిన తుక్కు, రెండు వందల గిగాబైట్ల చిల్లర, సంఘం రిజిస్టర్లకు. అవసరమెంతో ఎవరూ అడగలేదు. నేను ఎదురుగా కూర్చుని, వాళ్ళు చెప్పినట్టే, వాళ్ళు చెప్పిన వరసలోనే పదకొండు ఇళ్ళ వాల్యూములూ, ఆ చిల్లరదీ కట్టాను. చేతులు నావే. ఆ మాట దాచను.

రెండు వారాల తర్వాత అత్త మదురై నుంచి బస్సులో వచ్చింది. డిస్కును పాత పట్టు రవిక గుడ్డలో చుట్టి తెచ్చింది. దారిలో సంచీ ఒకసారి సీటు మీది నుంచి జారి పడిందని నాతో మెల్లగా చెప్పింది. ఆ రోజు కమిటీ కూర్చుని ఉంది. ఎంత ఉందని అడిగితే ఆరు వందల గిగాబైట్లు ఉండొచ్చని చెప్పాను. సంఘం చిల్లరలో అది పట్టదు.

“ఏ ఇంటి పంగులో పెట్టేది?” అన్నాడు పెద్దాయన.

అత్త పుట్టింటి పెద్దమనిషి ఆమె వైపు కూడా చూడకుండా, “ఇచ్చేసిన పిల్ల. అత్తగారింటి పంగులో దా పెట్టాల,” అన్నాడు. అత్తగారింటి పెద్దమనిషి, “మా వాడు పోయినంక ఆమె మా ఇంట్లో ఉండింది ఎప్పుడు? పుట్టింటి పక్కమే గదా పోయింది,” అన్నాడు. ఇద్దరివీ ఖాళీ వాల్యూములు. ఒక్క ఫైలు లేదు. ఆమె అక్కడే నిలబడి వింటోంది, చేతిలో డిస్కుతో.

“నాకు పంగు వద్దన్నా,” అంది అత్త పెద్దాయనతో. “ఇది నా సొత్తు కాదు. మీ అందరి ఇండ్లలోని ఆడవాండ్లు. వాండ్లకు ఇడం ఇయ్యండి చాలు.” ఇడం అంటే చోటు.

ముందు ఇది పని చేస్తోందో లేదో చూస్తానని నేను డిస్కు తగిలించాను. తగిలించగానే లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు వచ్చిందంటే డిస్కు చావుకు దగ్గరపడిందని అర్థం. ఇంకా తెరుచుకుంటోంది, కానీ ఎన్నాళ్ళో చెప్పలేం. చేతికందిన ఫైలు ఒకటి నొక్కాను. ఒక ముసలి గొంతు లాలి పాడటం మొదలుపెట్టింది. రెండో పాదంలో ఆపి, “ఛీ పో, బియ్యం ముట్టొద్దు,” అని కోడినో కాకినో అదిలించి, ఎక్కడ ఆపిందో అక్కడే అందుకుంది.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. “ఇది మా అమ్మ,” అన్నాడు.

వాడిపట్టిలో పాడిందట. ఆమె పోయి నాలుగేళ్ళయింది. గదిలో అందరూ మెత్తబడ్డారు, నేను కూడా. ఇక అయిపోయింది, చోటు దొరికింది అనుకున్నాను.

“మా మేనత్త,” అన్నాడు కార్యదర్శి. “ఆ పాట మా ఇంట్లో పుట్టింది దా. మా అవ్వ నేర్పించింది.”

“పాడింది మా ఇంట్లో గదా?”

“నేర్చింది యాడ బావా? అది చెప్పు.”

నమ్ముతారా? అయిదు నిమిషాల్లో గది రెండు ముక్కలైంది. పాడిన ఆడదాని గొంతు పుట్టింటి పంగులోకి పోవాలా, మెట్టినింటి పంగులోకి పోవాలా? ఒక్క ముసలమ్మ కాదు, ఆ డిస్కులో ఉన్న ప్రతి ముసలమ్మకూ ఇదే ప్రశ్న వస్తుంది. బతికున్నప్పుడు ఇన్ని ఇళ్ళు వాళ్ళకోసం కొట్టుకుని ఉంటే ఎంత బాగుండేది!

“ఇది పాడవబోతా ఉండాది,” అన్నాను నేను. “చప్పుడు వినండి. ముందు కాపీ తీస్తాను. మా కంపెనీ నుంచి ఇంకో డిస్కు తెస్తాను, తగవు తర్వాత చూసుకోండి.”

“తీర్మానం అయ్యేదాకా ఎవురి చేతిలోనూ ఉండకూడదు,” అన్నాడు పెద్దాయన. తగవులో ఉన్న పత్రాలు పెద్దమనిషి బీరువాలో పెట్టి తాళం వేయడం మాలో ఉన్న మర్యాదే. కాపీ కూడా వద్దన్నాడు, కాపీ తీస్తే తీసినవాళ్ళది అయిపోతుందట. నేను ఇంకా మాట్లాడుతుండగానే, డిస్కు తిరుగుతుండగానే, తీగ పట్టుకుని లాగేశాడు. నా కళ్ళ ముందే. నా వృత్తిలో ఇరవై ఏళ్ళుగా చేయొద్దు చేయొద్దని అందరికీ చెప్పే పని అది. డిస్కు ఆఫీసు బీరువాలోకి పోయింది, తాళం పడింది.

అత్త రవిక గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుని మధ్యాహ్నం బస్సుకే మదురై వెళ్ళిపోయింది.

తర్వాత వారం వారం అత్త ఫోను చేసేది. “ఏమైంది?” అని అడగదు. “పెట్టేసినావా?” అని అడిగేది, పెట్టేశానన్న జవాబు కోసమే ఎదురుచూస్తున్నట్టు. “ఇంకా మాట్లాడతా ఉండారత్తా,” అనేదాన్ని. నిజంగానే మాట్లాడుతూ ఉన్నారు. ఒక వారం మొగుడు బతికుండగా పాడితే మెట్టినింటికి, పోయాక పాడితే పుట్టింటికి అన్నారు. మరో వారం పాట పుట్టింటికి, ఏడుపు మెట్టినింటికి అన్నారు. ఆ మాట అన్నవాడు నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

శనివారం వచ్చి చూసుకునేదాన్ని. ఇరవై ఒక్క టెరాబైట్లలో నిండింది ఎంతో తెలుసా? ఒక ఇంటివాళ్ళు నిశ్చితార్థం ఫోటోలు పెట్టారు. ఇంకొకరు ఇంటి ప్లానూ, కరెంటు బిల్లులూ. పెద్దాయన మనవడు తాతగారి రెండు పంగుల్లో ఏవో క్రికెట్ వీడియోలు దాచుకున్నాడు. ఎనిమిది వాల్యూములు కట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఏ ఒక్కదాన్ని చెరిపి చిన్నదిగా మళ్ళీ కట్టినా అత్త గొంతులు మొత్తం పట్టి, ఇంకా మిగులుతుంది. అరగంట పని. అడిగాను. “మా పంగు ముట్టొద్దు,” అన్నారు. ఖాళీగా ఉందంటే, “ఉండనీ, మాదే గదా,” అన్నారు.

మధ్యలో ఆఫీసుకు సున్నం వేశారు. పనివాళ్ళు బీరువాను ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దగ్గరికి బరబరా ఈడుస్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. లోపల డిస్కుంది, మెల్లగా, మెల్లగా అని అరిచాను. వాళ్ళు నన్ను వింతగా చూసి ఇంకాస్త ఈడ్చారు.

పదకొండు వారాలకు తీర్మానం అయింది. ఎంతో ఆలోచించి, ఎంతో పెద్దమనసు చేసుకుని తేల్చిందేమిటంటే, ప్రతి పాటా రెండు ఇళ్ళ పంగుల్లోనూ ఒక్కోటి పెట్టాలి. పుట్టింటికి ఒకటి, మెట్టినింటికి ఒకటి. కాపీ అంటే అదే కదా! మొదటి రోజు నేను మొత్తుకున్నది అదే కదా! కార్యదర్శి నా భుజం తట్టి, “చూసినావా, ఎవురికీ వరుత్తం లేకుండా ముడించేసినాము,” అన్నాడు. వరుత్తం అంటే మనసు నొప్పి. ఎవరికీ లేదట.

బీరువా తెరిచి డిస్కు నా చేతికిచ్చారు. తగిలించాను. ఈసారి టిక్కుమనలేదు. గర్రుమని ఒకసారి గీసి ఆగిపోయింది. కేబులు మార్చాను, కంప్యూటరు మార్చాను. కంపెనీకి తీసుకెళ్ళి తెలిసినవన్నీ చేశాను. చెన్నైలో పాడైన డిస్కులు విప్పి చూసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు పంపాను. లోపలి పళ్ళెం గీసుకుపోయింది, ఏమీ రాదు అన్నారు. ముందే, మొదటిసారి చప్పుడు వినగానే తెచ్చి ఉంటే చాలావరకు వచ్చి ఉండేదని కూడా అన్నారు. అడగకుండానే అన్నారు.

అత్తకు నేనే చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను.

“ఇప్పుడు ఎవురెవురు బతికుండారో రాస్తా ఉండాను,” అంది. “తొమ్మిది మంది ఉండారు. వాండ్లలో ఇద్దరికి మాట రాదు.”

ఆ తర్వాతి శనివారం పెద్దాయన ఒక్కడే ఆఫీసుకు వచ్చాడు. నేను రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నాను. కర్ర గోడకానించి ఎదురుగా కూర్చున్నాడు. పది రోజుల్లో వాళ్ళమ్మ తిథి ఉందట. ఆ లాలి ఒక్కటైనా ఇంట్లో అందరికీ వినిపిద్దామనుకున్నాడట.

“ఒగటి కూడా రాదా అమ్మిణీ? ఎంత సెలవైనా సరి.” సెలవంటే మాకు ఖర్చు.

“రాదు పెదనైనా. పోయింది.”

“ఆ కోడిని తరిమేది... అదైనా?”

“అదీ పోయింది.”

నాకు జాలి కలగాలి, కలిగింది కూడా, ఒక్క నిమిషం. అప్పుడు ఆయన తల ఎత్తి, నిజంగానే నా తప్పు నాకు చెబుతున్న పెద్దమనిషిలా, నొచ్చుకుంటూ అడిగాడు.

“బీరువా తాళం ఈ డ్రాయర్లో దా ఉండింది. శనివారమైతే నువ్వు ఒంటిగా దా ఉండేది. మాకు చెప్పకుండా ఎత్తి, కాపీ చేసుకోని, మళ్ళా పెట్టేసుంటే ఎవురికి తెలుస్తాది? మేము ముసలోండ్లం, తెలీక ఏమో అంటాము. నీకు తెలుసు గదా. నువ్వేంటికి చెయ్యలేదు?”

కాపీ వద్దన్నది ఆయన. తీగ లాగింది ఆయన. నాలుకదాకా వచ్చాయి మాటలు, మా ఇళ్ళలో పెద్దవాళ్ళను ఎవరూ అనని మాటలు. తాళం అందులో ఉందని నాకు తెలుసు. పదకొండు శనివారాలూ ఆ సొరుగు తెరిచింది నేనే. రిజిస్టరులో సంతకం పెట్టే పెన్ను అందులోనే ఉండేది.